చెక్కడపు సాక్ష్యము

తెలుగున 'చెక్కడము' అను మాట ఒక్కటియే మూడు పనులకు చెల్లుచున్నది. రాతిపై ఉలితో బొమ్మను తీర్చుట చెక్కడము. రాగిరేకుపై అక్షరములను త్రవ్వుటయు చెక్కడమే. పాశ్చాత్యదేశములలో రాగిపలకపైనో కొయ్యదిమ్మపైనో గీతలు తీర్చి, సిరా పూసి, కాగితముపై చిత్రముగా అచ్చొత్తుటయు చెక్కడమే. మొదటి రెండును మన సాహిత్య పరిశోధకులకు చిరపరిచితములు. మూడవది చరిత్రపాఠ్యగ్రంథముల మూలముననే మనకు ఎక్కువగా తెలియును. బాస్టిల్లు కోట పతనము, పదునాఱవ లూయీ శిరశ్ఛేదము, శ్రీరంగపట్టణపు ముట్టడి మన కన్నులకు కట్టినట్లుండుటకు ఆ అచ్చుచిత్రములే కారణము. రాజ్యము తలక్రిందులైన రక్తమయ క్షణమును లోహమునందో శిలయందో నిలిపినవాడు ఎవరికొఱకు నిలిపెను? ఏమి చూపెను? దేనిని విడిచెను? ఈ ప్రశ్నలను మూడు విధములైన చెక్కడములకును సమానముగా వేయవలెనని ఈ వ్యాసమున నా ప్రతిపాదన. శాసనపాఠమును పరిష్కరించుటలో మనవారు చూపు శ్రద్ధను చిత్రపాఠమును చదువుటలో చూపుట లేదు. శాసనమును చదువునపుడు కూడ, అదియు ఒకరు చెప్పింపగా మఱొకరు చెక్కిన చిత్రమే యను సంగతిని తఱచు మఱచుచున్నాము.

ఈ ఆలోచనకు మూలము తరగతిలో పుట్టిన చిన్న ప్రశ్న. అద్దంకి శాసనమును పాఠము చెప్పుచుండగా, పర్చూరు ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి యొకడు లేచి, "పండరంగడు పండ్రెండు బోయకొట్టములు గెలిచినట్లు ఈ రాయి చెప్పుచున్నది గదండీ! ఓడిన బోయలు చెక్కించిన రాయి ఎక్కడ నున్నది?" అని అడిగెను. తరగతి నవ్వెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. "తరువాత చూతము" అని పద్యపు గణవిభజనలోనికి పోతిని. ఉపాధ్యాయులకు ఛందస్సు ఒక్కొక్కప్పుడు మంచి చాటు. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దానికి సమాధానము వెదకుటకు ముందు, హింసను కన్నులకు చూపుటయే వృత్తిగా గల పాశ్చాత్య చెక్కడపువాండ్ర పనిని కొంత పరిశీలించుట మేలని తోచినది.

రాగిపలకపై చిత్రము త్రవ్వు విద్య ఐరోపాలో పదునేనవ శతాబ్దమున ప్రబలినది. నునుపు చేసిన పలకపై వాడి ఉలితో గీతను త్రవ్వుదురు. లేదా పలకకు మైనపు పూత పెట్టి, సూదితో గీసి, గీసినమేర ద్రావకముచే తినిపింతురు. గీతలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితము కప్పి యంత్రమున ఒత్తగా, కుడియెడమలు తాఱుమారైన చిత్రము కాగితముపై పడును. ఒక్క పలకనుండి వందలకొలది ప్రతులు తీయవచ్చును. కావున ఈ చెక్కడము పుట్టుకతోనే అంగడివస్తువు. కొనువాడు దూరముననున్నవాడు, ఘటనను చూడనివాడు. చెక్కినవాడును తఱచుగా చూడనివాడే.

ఇందుకు బోస్టను నగరపు చిత్రము మంచి నిదర్శనము. 1770 మార్చి 5వ తేదీ రాత్రి ఆ నగరవీధిలో ఆంగ్లసైనికులు గుంపుపై కాల్పులు జరుపగా అయిదుగురు మృతిచెందిరి. మూడు నాలుగు వారములలోనే పాల్ రివీర్ అను వెండిపనివాడు ఆ దృశ్యమును రాగిపై చెక్కి అమ్మకమునకు పెట్టెను. చిత్రమున సైనికులు తీర్చిన వరుసలో నిలిచి తుపాకులు పేల్చుచున్నారు. వెనుక వారి నాయకుడు కత్తియెత్తి ఆజ్ఞ ఇచ్చుచున్నాడు. ఎదుట ఆయుధములు లేని పౌరులు పడుచున్నారు. సైనికుల వెనుకనున్న భవనముపై 'కసాయిశాల' అని పేరు వ్రాసియున్నది. న్యాయస్థానమున తేలిన సంగతి ఇంత తీరుగా లేదు. అరపులు, విసరిన మంచుగడ్డలు, కఱ్ఱలు, ఎవరి ఆజ్ఞయో నిర్ణయింపరాని కాల్పులు! నాయకుడు నిర్దోషిగా విడుదలయ్యెను. ఎనమండుగురు సైనికులలో ఆఱుగురు విడుదలయిరి, ఇద్దఱకు మాత్రము హత్యకంటె తక్కువదగు నేరము స్థిరపడినది. ఇండ్లలో వ్రేలాడుచున్న బొమ్మలను చూచి మనసు పాడుచేసికొనవలదని ప్రతివాదుల న్యాయవాది జూరీవారిని హెచ్చరింపవలసి వచ్చెను. చిత్రమునకు గల శక్తిని విమర్శకులకంటె ముందు న్యాయవాదులు గుర్తించిరన్నమాట.

ఆ చిత్రము రివీరు సొంతకల్పనయు కాదు. హెన్రీ పెల్హము అను చిత్రకారుడు నమ్మి చూపిన బొమ్మను అతడు తానే చెక్కి ముందుగా అమ్మెనని పెల్హము వ్రాసిన నిష్ఠురపు లేఖ నిలిచియున్నది. చౌర్యమునకు దేశభక్తి అడ్డము రాలేదు. ఇంతకంటె గమనింపదగిన విషయము మఱొకటి కలదు. మృతులలో క్రిస్పస్ అటక్సు అనునతడు ఆఫ్రికా జాతికిని అమెరికా ఆదిమజాతికిని చెందిన రక్తము గలవాడు. రివీరు చిత్రమున అతనిని గుర్తుపట్టు వీలు లేదు. 1856లో, నీగ్రోల బానిసత్వమును గూర్చిన వివాదము ముదిరిన దినములలో, అచ్చయిన వేఱొక చిత్రమున అతడు నడిమికి వచ్చినాడు. మరణించిన ఎనుబదియాఱేండ్లకు ఆ మనిషికి ముఖము కలిగినది.

హింసను చిత్రించిన చెక్కడములన్నియు ఒక్క తీరువని దీని అర్థము కాదు. లొరేను దేశమునకు చెందిన ఝాక్ కాల్లో 1633లో ప్రకటించిన 'యుద్ధక్లేశములు' అను పదునెనిమిది చిత్రములు అఱచేతి యంత పలకలపై వందలకొలది మనుష్యులను చూపును. అందొకదాన మహావృక్షమునకు వరుసగా ఉరిదీసిన దోపిడిసైనికుల శవములు వ్రేలాడుచుండును. చెట్టు ఎంత అందముగా నున్నదనగా, చూచువాడు మొదట చెట్టునే మెచ్చుకొనును. పిదప సిగ్గుపడును. స్పెయిన్ దేశపు గోయా 1810 నుండి చెక్కిన 'యుద్ధవిపత్తులు' ఇందుకు విరుద్ధము. అందు ఆకాశము లేదు, వరుస లేదు, నాయకుడు లేడు. ఒకదాని క్రింద 'దీనిని నేను చూచితిని' అని మాత్రమే వ్రాసికొన్నాడు. ఎనుబది చిత్రముల ఆ మాల అతడు చనిపోయిన 35 ఏండ్లకు, 1863లో గాని అచ్చు కాలేదు. అంగడికై తొందరపడనిది కనుకనే అది అట్లున్నదని నా అభిప్రాయము.

ఫ్రెంచివిప్లవ చిత్రముల కథ వేఱు. 1791 నుండి వెలువడిన 'చారిత్రక దృశ్యముల'కు తొలుత బొమ్మలు గీచిన ప్రియూరు విప్లవన్యాయస్థానమున జూరీ సభ్యుడై, గాలి మాఱగా 1795 మే 7వ తేదీన తానే గిలటిన్ యంత్రమునకు తల యొప్పగించెను. బొమ్మలు మాత్రము నిలిచినవి. తరువాతి ముద్రణములలో వాని వ్యాఖ్యానపాఠము తిరుగ వ్రాయబడినది. ఒకే చెక్కడము, పాలకులను బట్టి మాఱిన అర్థము! 1793 జనవరి 21న జరిగిన రాజు శిరశ్ఛేదమును హెల్మాను చెక్కిన చిత్రమున, తలను ఎత్తి చూపుచున్న తలారికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఒక ప్రక్కనున్న ఖాళీ దిమ్మె. అంతకుముందు దానిపై ఆ రాజు తాతగారి విగ్రహముండెడిది. ఒక రాజు రాతిదిమ్మెనుండియు, ఆతని మనుమడు కొయ్యమంచెనుండియు దిగిపోయిన సంగతిని ఆ చిత్రము ఒక్క మాట లేక చెప్పుచున్నది.

ఇంక మనకు దగ్గఱగా వచ్చిన చిత్రమును చూతము. 1799 మే 4వ తేదీ మధ్యాహ్నము ఆంగ్లసేనలు శ్రీరంగపట్టణపు కోటగోడను ఎక్కినవి. ఆ సాయంకాలము టిప్పూసుల్తాను శవము కోటవాకిట శవముల క్రింద దొరికినది. ఏడాది తిరుగకముందే లండనులో రాబర్ట్ కెర్ పోర్టరు అను ఇరువదిరెండేండ్ల యువకుడు ఈ ముట్టడిని సుమారు 120 అడుగుల పొడవుగల మహాపటముగా చిత్రించెను. దానికి పట్టిన కాలము ఆఱు వారములు. అతడు అప్పటికి భారతదేశమును చూచినవాడు కాడు. జనులు రుసుము చెల్లించి గుంపులుగా చూచిరి. వెండ్రామీనీ అను ఇటలీవాడు దానిని చెక్కడపు చిత్రములుగా మలచగా అవి ఇంటింటికి చేరినవి. పటము తరువాత అగ్నికి ఆహుతియైనది. నేడు మనకు మిగిలినవి చెక్కడములే. వానియందు ముట్టడిని నడపిన బెయిర్డు దొర ఎత్తుపై కత్తి దూసి నిలిచియున్నాడు. అదే కోటలో నలువదినాలుగు మాసములు బందీగా నుండినవాడు గనుక, చూచువారికి అది ప్రతీకారగాథగా కన్పట్టవలెనని చిత్రకారుని కోరిక.

ఇట్టి చిత్రములతో పాటు, ఏ ముఖము ఏ దొరదో తెలుపు సంఖ్యాపట్టికను ముద్రించి అమ్ముట ఆనాటి వాడుక. ఆ పట్టికలలో సిపాయీకి సంఖ్య లేదు. కాని ముట్టడిసేనలో మద్రాసు సిపాయీలు కలరు, నైజాము బలగములు కలవు. మద్రాసు దండులో తెలుగువారు పెద్దసంఖ్యలో చేరిన కాలమది. గుంటూరు సర్కారు కంపెనీవశమై అప్పటికి పదునొకండేండ్లు. అంతేకాదు. తొలి సిపాయీలు తెలుగుదేశపు తీరమునుండి వంగదేశమునకు పోయినందున, ఉత్తరహిందూస్థానమున సిపాయీ యను వానికే 'తిలంగా' అను పేరు స్థిరపడినది. 1857లో ఢిల్లీ ప్రజలు తిరుగుబాటు సైనికులను, వారు అవధు బ్రాహ్మణులైనను, తిలంగాలనియే పిలిచిరి. లండను సచిత్రవార్తాపత్రికలు ఆ సంవత్సరపు ఘోరములను కొయ్యదిమ్మలపై చెక్కించి వారము వారము అచ్చువేసినవి. దిమ్మను ముక్కలుగా విడదీసి పలువురు పనివాండ్రకు పంచి, మరల బిగించి ముద్రించెడివారు. ఒకడు ముఖము, ఒకడు పొగ, ఒకడు గుఱ్ఱము! తెలుగువారి పేరు మోసిన ఆ సైనికుడు వానియందు క్రూరముఖము గల గుంపుగా మాత్రమే కన్పట్టును. పేరు మనది, ముఖము మఱొకరిది, గీత ఇంకొకరిది.

పేరులేని ఈ సైనికునకు సరిగా ఎదురుబొమ్మ మన వీరగల్లు. తెలుగుదేశమున ఈ సంప్రదాయము మిక్కిలి ప్రాచీనము. నాగార్జునకొండలో దొరకిన ఇక్ష్వాకులనాటి స్మారకస్తంభములను ప్రాకృతశాసనములు ఛాయాస్తంభములని పేర్కొన్నవి. వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున శాంతమూల మహారాజునకు అతని తల్లులు, సోదరీమణులు, రాణులు కలిసి నిలిపిన స్తంభము ప్రసిద్ధము. అచ్చటనే సేనానులకును, సామాన్యసైనికులకును, ఒక శిల్పాచార్యునకును స్తంభములున్నవి. 'ఛాయ' యను పేరు ఎంత సార్థకము! మనిషి పోయినను నీడ నిలిచినది. తరువాతి కాలమున రాయలసీమలో, ముఖ్యముగా కడప, చిత్తూరు, అనంతపురపు ప్రాంతములలో, వీరగల్లులు విరివిగా లేచినవి. తొమ్మిదవ శతాబ్దమున వైదుంబులు, బాణులు ఒకవైపునను, నొళంబులు, గాంగులు మఱొకవైపునను నిలిచి పోరిన సోరెమడి యుద్ధము గొప్ప కావ్యములకు ఎక్కలేదు. ఊరిబయటి వీరగల్లులకు ఎక్కినది. అందు చనిపోయిన బంటు పేరు, అతడు కొలిచిన దొర పేరు, పడిన తావు చెక్కియుండును. బోస్టను చిత్రమున గాని శ్రీరంగపట్టణపు చిత్రమున గాని సామాన్యునకు దొరకని గౌరవమిది.

అయితే వీరగల్లు ఏమి చూపుచున్నది? సాధారణముగా మూడు అంతస్తులు. క్రింద వీరుడు పోరుచుండును. నడుమ అప్సరసలు అతనిని చేయిపట్టి మీదికి గొనిపోవుచుందురు. పైన శివలింగము చెంత కూర్చుండియుండును, అంచున సూర్యచంద్రులు. ఇక్కడ విమర్శకుడు ఆగి చూడవలసినది ఒకటి కలదు. మరణము ఏ అంతస్తులోను లేదు. క్రింది పట్టెలో బ్రదికి పోరుచున్నాడు, మీది పట్టెలో దివ్యుడైనాడు. చనిపోయిన క్షణము ఆ రెండు పట్టెల నడుమ శిల్పి చెక్కక విడిచిన సన్నని రాతి గట్టులో దాగినది. రివీరు దేనిని చూపుటకై పలకను పట్టెనో దానినే మన శిల్పి దాటిపోయినాడు.

రంగస్థలముపై వధను చూపరాదను నాట్యశాస్త్రమర్యాదతో దీనిని ముడివేసి, హింసను కప్పిపుచ్చుట భారతీయుల స్వభావమని కొందఱు చెప్పుదురు. ఇది తొందరపాటు. తిక్కన యుద్ధపర్వములను చదివినవాడెవ్వడు ఆ మాట అనగలడు? అచ్చట తెగిన చేయి, చీలిన ఱొమ్ము, నెత్తుటి మడుగు దేనినిని కవి విడువలేదు. శిలలోను అట్లే. కొండవీటి అనవేమారెడ్డి 1377లో శ్రీశైలమున కట్టించిన వీరశిరోమండపము తమ తలలను, నాలుకలను తామే కోసికొని మల్లికార్జునునకు అర్పించు వీరుల కొఱకు వెలసినది. తానై కోరిన మరణమును తెలుగు శాసనము బాహాటముగా చెప్పినది. ఇతరుడు చంపిన మరణమును మాత్రమే వీరగల్లు రాతిగట్టులో దాచినది. ఏలన, చంపినవానిని చూపినచో వాని గెలుపును చూపినట్లగును. వీరగల్లును నిలిపించువారు చనిపోయినవాని ఊరివారు, బంధువులు, దొర. వారికి కావలసినది నేరారోపణము కాదు. ఇంటికి గౌరవమును, తఱచుగా కొంత భూమియును. కనుక వీరగల్లు మృతుని పక్షమున నిజాయితీ గలదియే గాని, యుద్ధమును గూర్చి సాక్షి కాదు. ఎవరు ఎవరిపై దండెత్తిరి, ఏల దండెత్తిరి అను ప్రశ్నకు అది నోరు మెదపదు.

పల్నాటి యుద్ధము సంగతి దీనికి అనుబంధము. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల గుడి కలదు. అచ్చట రాయి ఒంటరిగా సాక్ష్యమిచ్చుట లేదు. కార్తికమాసపు అమావాస్యనుండి అయిదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను ఘట్టములను జనులు ఏటేట తిరుగ నడపుదురు. శిల్పి రాతిగట్టులో విడిచిన క్షణమును కళ్ళిపాడు నాడు మనుష్యుల శరీరములు పూరించుచున్నవి. పల్నాటి సాహిత్యమును పుస్తకమునుండి మాత్రమే చదువు పరిశోధకుడు సగము పాఠమును పోగొట్టుకొన్నట్లే.

రాగి విషయమునకు వత్తము. పారిస్ పనివాడు పట్టిన లోహమునే వేంగి పనివాడును పట్టెను. పారిస్ పలక చిత్రమును గన్నది. వేంగి రేకు దానపత్రమయ్యెను. వేంగి రేకుల అంచులను కొంచెము ఎత్తుగా మలచెడివారు. రేకులు ఒండొంటిపై నున్నను అక్షరములు అరుగకుండుటకు ఆ ఏర్పాటు. పారిస్ పలక ప్రతి ఒత్తుడుతో అరుగుటకే పుట్టినది. కొయ్యపై అచ్చు చెక్కి ఒత్తు విద్యయు మన తీరమునకు క్రొత్తది కాదు. మచిలీపట్టణపు అద్దకమువారి దిమ్మలు ఎవరెఱుగరు? వానిపై లతలు, పూవులు చెక్కబడినవి. గుడ్డకు కొనుగోలుదారుడు కలడు, యుద్ధచిత్రమునకు లేడు.

కాని వేంగి రేకులపై రక్తము లేదని అనుకొనరాదు. దాన అంకెల రూపమున నున్నది. తూర్పుచాళుక్య శాసనములలోని వంశావళులను విద్యార్థులు విసుగుతో దాటిపోవుదురు. మొదటి అమ్మరాజు తరువాతి భాగమును నెమ్మదిగా చదివినచో ఒడలు జలదరించును. అతడేడేండ్లు ఏలెను. అతని కుమారుడు, బాలుడగు బేత విజయాదిత్యుడు, పదునైదు దినములు. అతనిని తొలగించిన తాళరాజు ఒక మాసము. తాళరాజును చంపిన విక్రమాదిత్యుడు పదునొకండు మాసములు; ఈ లెక్కలో శాసనములకు కొంత భేదము కలదు. భీముడు ఎనిమిది మాసములు. యుద్ధమల్లుడు ఏడేండ్లు. విశేషణములు లేవు, ఆర్తనాదములు లేవు. ఒక్కొక్క సంఖ్య వెనుక ఒక కత్తి. హెల్మాను చిత్రము వందల ముఖములతో చెప్పినదానిని ఈ పట్టిక దినముల లెక్కతో చెప్పుచున్నది. ఆ యుద్ధమల్లుని పేర బెజవాడలో వెలసిన మధ్యాక్కరల శాసనము కార్తికేయుని గుడిని గూర్చియు, మఠమున గొరగలు గాక ఇతరులు నివసింపరాదని పెట్టిన కట్టడిని గూర్చియు చెప్పును గాని, సింహాసనము ఎట్లు దొరకెనో చెప్పదు. తెలుగు పద్యము యొక్క తొలి అడుగుజాడలుగా మనము మురిసి చూపు రాళ్లలో ఒకటి ఇట్టి మౌనమును మోయుచున్నది.

రాజ్యపతనమును మాటలతో బొమ్మకట్టిన రేకును చూడవలెనన్న ప్రోలయనాయకుని విలస తామ్రశాసనమును చూడవలెను. 1323లో ఓరుగల్లు ఢిల్లీసేనల వశమైన కొలది యేండ్లకు పుట్టిన సంస్కృతశాసనమిది. ప్రతాపరుద్రుడను సూర్యుడు అస్తమించెననియు, లోకమును తురుష్కుల చీకటి కప్పెననియు, అగ్రహారములు పోయినవనియు, కాపుల పంట దోపిడియైనదనియు, దేవతామూర్తులు భగ్నములైనవనియు అందు వర్ణన. మన చరిత్రగ్రంథములలో పెక్కు ఈ భాగమును ప్రత్యక్షసాక్షి వాఙ్మూలముగా ఎత్తి వ్రాసినవి. ఓరుగల్లు పడుట నిజము, అచ్చటి స్వయంభూదేవాలయము కూలుట నిజము, శిథిలములే చెప్పుచున్నవి. కాని రేకులోని కూర్పును చూడుడు. సూర్యాస్తమయము, చీకటి, ఆ చీకటిని చీల్చుకొని వచ్చిన ఉద్ధారకుడు. ఉద్ధారకుడే దాత. అతనికి రాజవంశపు సింహాసనము లేదు. కాకతీయులతో రక్తబంధము లేదు. అతని పాలనకు అర్హత ఆ చీకటియే. చీకటి ఎంత చిక్కనైన వెలుగునకు అంత హక్కు. బోస్టను చిత్రమున ఎత్తిన కత్తి ఏ పని చేసెనో ఇచ్చట అస్తమించిన సూర్యుడు ఆ పనియే చేయుచున్నాడు. ఆ వంశమువాడే యగు కాపయనాయకుడు 1347లో బహమనీ రాజ్యమునకు కారణమైన దక్కను అమీరుల తిరుగుబాటునకు తోడ్పడినాడని జ్ఞాపకము చేసికొన్నచో, రేకులోని చీకటి రాజకీయమునందు అంత ఏకవర్ణము కాదని తెలియును.

ఇందుకు ప్రక్కన ఉంచి చదువవలసినది 1423నాటి అనితల్లి కలువచేరు శాసనము. దాదాపు నూఱేండ్ల తరువాతిది. విలస శాసనమున ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదాతీరమున మరణించినాడు. కలువచేరు శాసనమున అతడు స్వేచ్ఛతోనే స్వర్గమునకేగినాడు. పిదప డెబ్బదియైదుగురు నాయకులు దేశమును కాపాడిరి. ఒక్క మరణము, రెండు చెక్కడములు. బందీయై పోయిన రాజు ప్రోలయకు కావలెను. తలవంచని రాజు రెడ్డిరాణికి కావలెను. ఏది నిజమని అడిగిన మొదటిదే నిజమునకు చేరువ యని నేను చెప్పుదును. తురుష్క చరిత్రకారుల వ్రాతలును దానినే బలపఱచుచున్నవి. కాని రెండవది అబద్ధమని పాఱవేయరాదు. వీరగల్లు శిల్పి ఏమి చేసెనో కలువచేరు కవియు దానినే చేసినాడు. చావును రెండు పట్టెల నడుమ దాచి, రాజును మీది పట్టెలోనికి ఎక్కించినాడు.

ఇక అద్దంకి శాసనము. పర్చూరునుండి నైరృతిదిశగా గుండ్లకమ్మ వఱకు పఱచుకొన్న నల్లరేగడి నేల నేడు ప్రత్తికిని మిరపకును పేరెన్నికగన్నది. 848 ప్రాంతమున, గుణగ విజయాదిత్యుని పట్టాభిషేకపు తొలియేట, ఈ సీమలో జరిగిన సంగ్రామమును ఆ శాసనము ఒక్క తరువోజలో ఇమిడ్చినది. పండ్రెండు బోయకొట్టములను గైకొనుట, కట్టెపు దుర్గమును నేలమట్టము గావించుట, కందుకూరును బెజవాడకు సాటిగా నొనర్చుట. తరువాత వచనమున ఆదిత్యభట్టారకునకు భూదానము. పద్యములోని క్రియలను వరుసగా వ్రాసికొనుడు. అన్నిటికిని కర్మ నేలయే. కొట్టము, దుర్గము, కందుకూరు. మనిషి ఒక్కడే, అతడు పండరంగడు. కొట్టమనగా కోటయో, సీమయో పండితులు ఇప్పటికిని వాదించుచునే యున్నారు. అది ఏదైనను అందు మనుష్యులు నివసించినమాట వాదమునకు అతీతము. దంపుళ్ళపాటకు చుట్టమని చెప్పుకొను ఛందమున, ఇంత నెమ్మదియైన నడకలో, ఒక జాతియొక్క ఓటమి సాగిపోవుచున్నది. మొదటి తెలుగు పద్యశాసనమను గౌరవమును దీనికి ఇచ్చుటలో నాకు వైమత్యము లేదు. ఛందోవ్యుత్పత్తికి దీనిని ఎంతగా వాడుకొన్నామో, దాని విషయమును అంతగా పట్టించుకొనలేదనియే నా ఆరోపణ. ఈ తప్పున నాకును పాలు కలదు.

ఓడినవారు చెక్కడములోనికి మరల వచ్చుట అసాధ్యము కాదు. పదునైదు దినములు ఏలి తొలగింపబడిన ఆ బేత విజయాదిత్యుని సంతతివారు పిఠాపురమున నిలద్రొక్కుకొని, 1202లో కుంతీమాధవస్వామి ఆలయస్తంభమున అతనినుండి తమ వంశక్రమమును చెక్కించిరి. అటక్సునకు ఎనుబదియాఱేండ్లు పట్టగా బేతరాజునకు రెండువందల డెబ్బదియేండ్లకు పైగా పట్టినది. అతనికి వారసులు కలరు, వారికి కొంత రాజ్యము కలదు, శిల్పికి కూలి యిచ్చు శక్తి కలదు.

బోయల సంగతి వేఱు. వారి పేరును వెలనాటి చోడుల కాలపు దేవాలయశాసనములలో వెదకవలెను. గుంటూరుసీమ శాసనములలోను, ద్రాక్షారామ శాసనములలోను అది దొరకును. దాత యొకడు అఖండదీపమునకై ఆవులను ఇచ్చును. వానిని ఫలాని బోయనికి అప్పగింతురు. అతడును అతని సంతతియు నిత్యము నేయి పోయవలెను. నామసామ్యమును బట్టి వంశసామ్యమును నిర్ణయింపరాదను నియమమును నేనును పాటింతును. అయినను ఆ విద్యార్థికి ఆనాడు ఇయ్యలేకపోయిన సమాధానమును ఇంతవఱకు ఇయ్యగలను. బోయల పేర్లు చెక్కిన రాళ్లు కలవు. వానియందు యుద్ధము లేదు. ఆవులును, నేయియు, ఆరనీయరాని దీపమును కలవు.